మూడో డబ్బా

శనివారం ఉదయం ఎనిమిదికి బయలుదేరి పన్నెండుకల్లా ఇంటికి వచ్చేయాలన్నది మల్లికార్జునరావు పథకం. పెద్ద పనేమీ కాదు. రెండు రకాల పిస్తోలు గుళ్ళు ఒక్కొక్కటి కాల్చి, ఏది ఎంత లోపలికి పోయిందో రాసుకుని, వచ్చే దారిలో కొత్తిమీర కొనుక్కుని రావాలి. ఇందులో కొత్తిమీర సంగతి ఒక్కటే భార్య మీనాకు తెలుసు.

అమెరికాలో వాళ్ళుండే ఊరు ఆష్‌బర్న్‌లో, వాళ్ళ వీధిలో రెండు నెలల్లో రెండిళ్ళు దోచారు. రెండూ మనవాళ్ళవే. దొంగలు టీవీ వైపు కన్నెత్తి చూడకుండా తిన్నగా బంగారం దగ్గరికే వెళ్ళారు. దాంతో మల్లికార్జునరావు పిస్తోలు కొన్నాడు. అది ఇనప్పెట్టె దాటి బయటికి రాకూడదన్న షరతు మీద మీనా ఒప్పుకుంది. కొట్టువాడు రెండు రకాల గుళ్ళు చూపించాడు. ఒకటి దూసుకుపోయే రకం. రెండోది లోపలికి వెళ్ళి, పువ్వులా విచ్చుకుని, అక్కడే ఆగిపోయే రకం. మల్లికార్జునరావుకు కావలసింది ఆగేదే. వాళ్ళ ఇల్లు వరస ఇళ్ళలో ఒకటి. గోడ పేరుకే గోడ, లోపలంతా అట్ట. దాని అవతల పక్కింటి రేష్మా వాళ్ళ పిల్లలు పడుకుంటారు.

ఆగుతుందని పెట్టె మీద రాసే ఉంది. కానీ మల్లికార్జునరావు ఇరవై రెండేళ్ళుగా సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో ఉన్నాడు. తయారుచేసినవాడి మాట నమ్మకపోవడానికే ఆయనకు జీతమిస్తారు. అసలైతే ఇలాంటి పరీక్షకు ఒంటి కండలా మెత్తగా ఉండే జెలటిన్ దిమ్మ వాడాలట. దాన్ని ఎముకలతో చేస్తారని చదివి, అత్తగారున్న ఇంట్లో అది కాచే పని కాదని వదిలేశాడు. దానికి బదులు నీళ్ళ డబ్బాలు వరసగా పెట్టి, ముందు నాలుగు పొరల జీన్స్ గుడ్డ కట్టి కాల్చవచ్చునని వీడియోల్లో చూశాడు. దొంగలు కూడా జీన్సే తొడుక్కుంటారు కదా! రెండు నెలలపాటు పాల గాలన్ డబ్బాలు కడిగి దాచి, సరిగ్గా పది పోగుచేశాడు. శుక్రవారమే వాటిలో నీళ్ళు నింపి గరాజ్‌లో పెట్టాడు. ఎక్సెల్ షీటు కూడా సిద్ధం: గుండు రకం, ఆగిన డబ్బా, ఫలితం, కారణం.

వాళ్ళ ఆఫీసులోనే పనిచేసే జితేందర్ కారు తెచ్చాడు. వెస్ట్ వర్జీనియాలో అతని స్నేహితుడికి పొలముంది, పొలం వెనక ఎత్తయిన మట్టి గట్టుంది. జితేందర్ చెవిలో ఫోన్ పెట్టుకుని మేనేజర్‌తో మాట్లాడుతూనే డబ్బాలన్నీ కారులో సర్దేశాడు.

మొదటి పరీక్ష అనుకున్నట్టే జరిగింది. దూసుకుపోయే గుండు ఐదు డబ్బాల్నీ దాటి గట్టులోకి పోయింది. రెండో పరీక్షకు జితేందర్ డబ్బాలు ఒకదానికొకటి ఆనించి పేర్చాడు. మల్లికార్జునరావు లెక్కపెట్టి చూశాడు.

"ఆరున్నాయేంటి జితేందర్? ఐదే కదా ఉండాలి?"

"గరాజ్‌ల పక్కకు ఇంకోటి నింపి ఉండె అన్నా. ఎక్కువుంటే మంచిదే గదా అని తెచ్చిన."

టెస్టింగ్‌లో ఎక్కువ ఎప్పుడూ తప్పు కాదు. మల్లికార్జునరావు కాల్చాడు. ముందు రెండు డబ్బాలు పగిలిపోయాయి. మూడోది చీలి ఒరిగింది. నాలుగోది కదలనైనా లేదు. మూడో డబ్బా అడుగున గుండు దొరికింది. ఆరు రేకులతో, బంతిపువ్వులా చక్కగా విచ్చుకుంది. మల్లికార్జునరావు దాన్ని అరచేతిలో పెట్టుకుని మురిసిపోయాడు. ఆ తరవాత డబ్బాను ఇటు తిప్పాడు.

దాని మీద టేపు అంటించిన కాగితం ఉంది. "గోదావరి నీళ్ళు. ఎవరూ ముట్టరాదు. సుబ్బులు." సరిగ్గా మధ్యలో చిటికెనవేలు దూరేంత రంధ్రం.

సుబ్బులు ఆయన అత్తగారు. మూడేళ్ళ కిందట రాజమండ్రి నుంచి వస్తూ గోదావరి నీళ్ళు సీసాల్లో తెచ్చి, ఇక్కడ ఆ డబ్బాలో పోసి ఉంచింది. అప్పటినుంచి ఆష్‌బర్న్‌లో ఎవరు కొత్త ఇంట్లో పాలు పొంగించినా ముందు సుబ్బులు గారికి ఫోన్ చేస్తారు. ఆవిడ డబ్బాతో వస్తుంది, ముందు వరసలో కూర్చుంటుంది, కలశంలో రెండు చెంచాలు పోస్తుంది, వచ్చినవాళ్ళందరికీ తలా ఒక చెంచా తీర్థం ఇస్తుంది. ఇప్పటికి ఇరవై ఆరు గృహప్రవేశాలు. ఆ డబ్బా లేకపోతే ఆవిడ ఈ ఊళ్ళో మీనా వాళ్ళమ్మ. డబ్బా ఉంటే సుబ్బులు గారు.

ఇరవై ఏడో గృహప్రవేశం, భవిత వాళ్ళది, మర్నాడు ఉదయమే.

"జితేందర్! ఇంత రాసుంటే చూడలేదా?"

"చూసిన అన్నా. మన ఇండ్లల్ల డబ్బా మీద రాసింది లోపల ఉంటదా? మీ ఇంట్ల బిస్కెట్ డబ్బా తీస్తే సూదీ దారం. ఐస్‌క్రీం డబ్బా తీస్తే దోసెల పిండి. నీళ్ళే ఉంటయని ఎట్ల అనుకుంటం?"

"ఉన్నవి నీళ్ళే కదా!"

"అదే అన్నా. మనకు గావలసింది గూడ నీళ్ళే గదా."

తిరుగుదారిలో అలాంటిదే ఇంకో పాల గాలన్ కొన్నారు. పాలు జితేందర్ వాళ్ళింట్లో గిన్నెలోకి ఒంపి, డబ్బా కడిగి, కుళాయి నీళ్ళు పట్టారు. పాత కాగితం ఆరబెట్టి కొత్త డబ్బాకు అంటించారు. మిగిలింది రంధ్రం. మల్లికార్జునరావు ఇంటికి వెళ్ళి, అద్దం ముందున్న మీనా బొట్టు స్టిక్కర్లు ఒక్కొక్కటే ఆనించి చూశాడు. పెళ్ళిళ్ళకు పెట్టుకునే ఎర్రటిది అచ్చుగుద్దినట్టు సరిపోయింది. డబ్బాను గరాజ్‌లో యథాస్థానంలో పెట్టి, భోజనానికి కూర్చున్నాడు.

"కొత్తిమీర ఏదండీ?" అంది మీనా.

ఆదివారం ఉదయం గరాజ్‌లోంచి కేక వినబడింది. సుబ్బులు డబ్బా ముందు చేతులు జోడించి నిలబడి ఉంది. ముఖంలో నెత్తురుచుక్క లేదు.

"మీనా, ఈ బొట్టు నువ్వు పెట్టావా?"

"లేదే అమ్మా."

"అల్లుడు గారూ, మీరేమైనా...?"

"నాకు బొట్లతో ఏం పనండీ," అన్నాడు మల్లికార్జునరావు. అందులో అబద్ధం పాలు తక్కువే అనుకున్నాడు.

మీనా ఫొటో తీసి భవితకు పంపింది. భవిత ఊళ్ళోవాళ్ళ వాట్సాప్ గ్రూపులో పెట్టింది. పదింటికి గృహప్రవేశానికి పిలిచినవాళ్ళు నలభైమంది, వచ్చినవాళ్ళు తొంభైమంది. చాలామంది చేతుల్లో ఖాళీ సీసాలున్నాయి. పురోహితుడు ఈశ్వరయ్య గారు కళ్ళద్దాలు సరిచేసుకుని బొట్టును చూశారు.

"ఎవరూ పెట్టలేదంటారు?"

"ఎవరూ పెట్టలేదండీ," అంది మీనా.

"అయితే ఆ గోదావరి తల్లే పెట్టుకుంది," అన్నారాయన. జనం ఒక్కసారిగా దణ్ణం పెట్టారు. జితేందర్ కూడా పెట్టాడు. మల్లికార్జునరావు కాసేపాగి పెట్టాడు.

చెంచా పట్టుకున్న సుబ్బులు చెయ్యి కలశం దాకా వెళ్ళి ఆగిపోయింది. ఆవిడ చెంచా కింద పెట్టేసి భోరుమంది.

"నా వల్ల కాదండీ పంతులు గారూ. గోదావరి నీళ్ళు పంతొమ్మిదో ఇంటికే అడుగంటిపోయాయి. ఎవరికైనా చెబితే ఇంకెవరు పిలుస్తారని, వంటింటి కుళాయి నీళ్ళు పట్టి తెస్తున్నాను. ఇన్నాళ్ళూ ఊరుకుంది. ఇవాళ బొట్టు పెట్టి మరీ చూపించింది, చూస్తున్నానే అని!"

అందరూ మెల్లిగా వేళ్ళు లెక్కపెట్టుకోసాగారు, తమ ఇల్లు ఎన్నోదని.

"అన్నా," అన్నాడు జితేందర్ గొంతు తగ్గించి. "నాది ఇరవయ్యోది."

మల్లికార్జునరావుకు కొండంత బరువు దిగింది. పోయింది గోదావరి కాదు, కుళాయి. తను చేసిన తప్పు ఏదీ లేదు. ఎవరికీ ఏమీ చెప్పనక్కర్లేదు. నోరు మూసుకుని పులిహోర కోసం ఎదురుచూస్తే చాలు.

"రేపే టికెట్ తీయించు మీనా," అంటోంది సుబ్బులు. "ఈ ముఖం పెట్టుకుని ఈ ఊళ్ళో ఎవరింటికీ రాలేను. వెళ్ళి ఆ గోదావరి గట్టు మీదే కూర్చుంటాను."

ముందు వరసలోవాళ్ళు అప్పుడే కాస్త పక్కకు జరిగారు. అది చూశాక మల్లికార్జునరావుకు పులిహోర మీద మనసు పోయింది. లేచి వెళ్ళి, తొంభైమంది చూస్తుండగా బొట్టు పీకేశాడు.

"ఇది దేవుడు పెట్టింది కాదు అత్తయ్య గారూ. నేను పెట్టింది. మీ డబ్బా నిన్న నేను పిస్తోలుతో కాల్చాను."

ఆ తరవాత చెప్పవలసినవి చాలా ఉన్నాయి. అన్నీ చెప్పాడు. జేబులోంచి రేకులు విచ్చిన గుండు తీసి చూపించాడు. ఈశ్వరయ్య గారు కాగితంలోని రంధ్రంలోకి ఒక కన్ను పెట్టి చూశారు.

"పిస్తోలు ఇనప్పెట్టెలోంచి బయటికి రాదన్నారు?" అంది మీనా.

"టెస్టింగ్ కోసం..."

"అయితే నా కలశంలో ఇప్పుడేం పోస్తారు?" అంది భవిత, ఏడవడానికి సిద్ధంగా. "అక్కడా కుళాయే, ఇక్కడా కుళాయే!"

ఈశ్వరయ్య గారు గొంతు సవరించుకున్నారు. "అమ్మా, నేను ప్రతి ఇంట్లోనూ కలశం మీద చెయ్యి పెట్టి నదులన్నిటినీ పేరుపేరునా పిలుస్తాను. అందులో గోదావరీ ఉంది. డబ్బాలో ఎలాగూ ఉన్న నదిని మళ్ళీ పిలవడం ఎందుకా అని మూడేళ్ళుగా నాకే సందేహం. ఇవాళ తీరింది. పొయ్యండి సుబ్బులు గారూ, ముహూర్తం దాటిపోతోంది."

సుబ్బులు కళ్ళు తుడుచుకుని రెండు చెంచాలు పోసింది. ముందు వరస మళ్ళీ దగ్గరికి జరిగింది.

"నేను జెప్పలే అన్నా, రాసింది లోపల ఉండదని?" అన్నాడు జితేందర్.

భోజనాల దగ్గర సుబ్బులు అల్లుడి పక్కకు వచ్చి కూర్చుంది.

"ఆ గుండు ఎన్నో డబ్బాలో ఆగిందన్నారు బాబూ?"

"మూడోదాంట్లోనండీ."

"అంటే మా దాంట్లో."

"అవునండీ. కానీ అది ముందు డబ్బాల్లోనే విచ్చుకుని, వేగం తగ్గి..."

"మరి మీ నీళ్ళయితే ఐదు డబ్బాలూ దాటేసిందన్నారు?"

"అది వేరే గుండండీ. రెండూ కుళాయి నీళ్ళే. ఒకే కుళాయి!"

సుబ్బులు అవతలి పక్కనున్నావిడ వైపు తిరిగింది. "విన్నారా? మా దాంట్లో ఆగిపోయిందట."

"ఏమండీ," అంది మీనా ఎదుటి వరసలోంచి. "ముందు నాలుగు పొరల జీన్స్ కట్టానన్నారు. ఎవరి జీన్స్?"

మల్లికార్జునరావు ఇంకాస్త పెరుగు వేయించుకున్నాడు.

సాయంత్రానికి మూడు కొత్త గృహప్రవేశాలకు పిలుపులు వచ్చాయి. దొంగలు పడిన రెండిళ్ళవాళ్ళూ వచ్చి, తలుపు వెనక పెట్టుకోవడానికి తలా ఒక సీసా నీళ్ళు పట్టుకెళ్ళారు. సుబ్బులు కాదనకుండా పోసింది. చీకటి పడుతుండగా మల్లికార్జునరావు ఎక్సెల్ షీటు తెరిచాడు. రెండో గుండు, ఆగిన డబ్బా మూడు, ఫలితం పాస్ అని నింపాడు. గుండు తన డబ్బాలోనే ఆగిపోయిందని హాల్లోంచి అత్తగారు ఫోన్లో ఎవరికో ఇంకోసారి చెబుతున్నది విన్నాడు.

ఇరవై రెండేళ్ళ ఉద్యోగంలో మొదటిసారి, "కారణం" అన్న గడి ఖాళీగా వదిలేసి ఫైలు మూసేశాడు.