ఏడో నంబరు చాప వాంగ్మూలం

ఉద్యోగి వంగితేనే సంస్థ నిటారుగా నిలుస్తుందని ఆరోగ్య క్రమశిక్షణ విభాగం అధిపతి గారు కనిపెట్టారు. మర్నాడే ఉత్తర్వు వెలువడింది. సిబ్బంది యావన్మందీ రోజూ పని మొదలయ్యేలోపు పన్నెండేసి సూర్య నమస్కారాలు చేయవలెను. తద్వారా ఆకలి పుట్టును, ఏకాగ్రత కుదురును, వెన్ను విల్లులా వంగును, సెలవులు తగ్గును. (చివరి ప్రయోజనం కింద ఎర్ర సిరాతో గీత ఉంది.) స్థలం, భవనం అడుగున ఉన్న గది. దానికి కిటికీలు లేనందున తూర్పు గోడ మీది ట్యూబులైటును సూర్యుడిగా పరిగణించవలెను. అది వెలగని రోజును మబ్బు పట్టిన రోజుగా నమోదు చేయవలెను.

తలా ఒక నంబరు చాప ఇచ్చారు. మనిషి వంగి లేచినప్పుడల్లా చాపలోని యంత్రం లెక్కపెట్టి యాప్‌కు చేరవేస్తుంది. మనుషులు అబద్ధమాడతారు గానీ చాపలు ఆడవని అధిపతి గారి నమ్మకం.

ఏడో నంబరు చాప రికార్డుల గుమస్తాది. పాపం, ఆయన నడుం పాడై రెండేళ్లయింది. రికార్డు గది నాలుగో అంతస్తులో ఉంది. లిఫ్టు మరమ్మతులో ఉంది (ఆయన ఉద్యోగంలో చేరిన నాటి నుంచీ). "వంగొద్దు, మెట్లెక్కొద్దు. ఇలాగే ఎక్కితే మంచం పడతారు," అని డాక్టరమ్మ మొహం మీదే చెప్పేసింది. కింద విచారణ కౌంటరులో కుర్చీ ఖాళీగా ఉంటే, దానికోసం దరఖాస్తు పెట్టుకున్నాడు. మూడు నెలల నమస్కారాల రికార్డు జతచేయమన్నారు.

"నడుం వంగదని చెప్పడానికి నడుం వంచాలా అమ్మా?" అన్నాడు గుమస్తా.

"జతచేయకపోతే ఫైలు కదలదు సార్. వంగడం, మానడం మీ ఇష్టం," అంది టైపిస్టు.

అప్పుడు అటెండరు ఆదుకున్నాడు. రిటైర్మెంటుకు ఏడాది ఉన్న పెద్దాయన. ఆలస్యంగా వచ్చేవాళ్ల తరఫున హాజరుపట్టీలో సంతకాలు పెట్టిపెట్టి అందరి చేతిరాతలూ ఒంటబట్టించుకున్నవాడు.

"ఇన్నేళ్లూ మీ సంతకం నేను పెట్టలా? ఈ దండాలూ నేనే పెట్టేస్తా. మీరలా కూర్చోండి సార్."

ఇలాంటి సంగతులు దాగవు. వారం తిరిగేసరికి అకౌంటెంటు చాప, నెల తిరిగేసరికి అధిపతి గారి చాప కూడా పెద్దాయన వంతుకే వచ్చాయి. (అధిపతి గారికి ఆ వేళప్పుడు ఆరోగ్యం మీద సమావేశాలుంటాయి.) అందరివీ కలిపి పదకొండు చాపలు, నూట ముప్పై రెండు నమస్కారాలు. తన సొంత పన్నెండో నంబరు చాప దగ్గరికొచ్చేసరికి బెల్లు మోగేది. ఉత్తర్వులో రాసిన ప్రయోజనాలన్నీ తు.చ. తప్పకుండా కలిగాయి, ఆయనకు. పైగా పొట్ట కరిగింది, మోకాళ్ల నొప్పులు పోయాయి, మెట్లు రెండేసి చొప్పున ఎక్కేవాడు.

ఇంట్లో గుమస్తా నడుముకు నూనె రాస్తూ భార్య రోజూ అడిగేది, "వచ్చిందా అండీ ఆ కుర్చీ?"

"ఫైలు నడుస్తోందిలే."

"నయం, దాని నడుమైనా బాగుంది."

మూడు నెలలకు ఉత్తర్వు వచ్చింది. ఏడో నంబరు చాప వాంగ్మూలం ప్రకారం దరఖాస్తుదారు వెన్నుకు సాటి వెన్ను ఈ భవనంలో లేదు, కావున దరఖాస్తు తిరస్కరించడమైనది. విచారణ కౌంటరు కుర్చీని, రెండు నెలలుగా ఒక్కసారైనా వంగలేకపోయిన పన్నెండో నంబరు చాప ఉద్యోగికి జాలితో కేటాయించడమైనది.

ఆ కాగితాన్ని నాలుగో అంతస్తుకు ఒక్క పరుగున తెచ్చింది అటెండరే. ఆయాసం లేదు గానీ కళ్లలో నీళ్లున్నాయి.

"నాకొద్దని మొత్తుకున్నా సార్. వద్దంటే శిక్షేనట. రేపటి నుంచి గంట ముందే వచ్చి కుర్చీలో కూర్చోవాలట. కదలకూడదట."

"మరి నా చాప?"

పెద్దాయన కాగితంలో 'కదలకూడదు' అన్న మాట మీద వేలు పెట్టి చూపించాడు. నిజం చెబుదామంటే ఇద్దరి ఉద్యోగాలూ పోతాయి. గుమస్తాకు ఏడుపొచ్చింది, ఎవరి మీద ఏడవాలో తెలియలేదు. (అధిపతి గారి చాపను మాత్రం కౌంటరు వెనక్కి మార్పించారు.)

మర్నాడు ట్యూబులైటు మిణుకుమనకుండా వెలిగింది. గుమస్తా ఏడో నంబరు చాప పరిచి, దండం పెట్టి, వంగాడు. మళ్లీ లేవలేదు. చాప దాన్ని అర నమస్కారంగా లెక్కవేసింది. మిగతా పదకొండున్నరా ఏమయ్యాయో సంజాయిషీ ఇవ్వాలంటూ మధ్యాహ్నానికల్లా ఆస్పత్రి మంచం దగ్గరికి మెమో చేరింది.