నీలిపిట్టల స్టేటస్ రిపోర్టు

ఆ గురువారానికి సుహాస్ వేసుకున్న ప్లాన్ చాలా చిన్నది. ఎనిమిదింటికి నాన్న తద్దినం. పదింటికల్లా కాకికి ముద్ద పెట్టడం. పదిన్నరకు క్లయింట్ కాల్. మధ్యలో రెండు నిమిషాలు పెరట్లోకి వెళ్లి, షెడ్డు గోడకున్న పిట్టల పెట్టె ఎలా ఉందో దూరం నుంచి చూసి రావడం. ఇంగ్లండులో స్లౌ అనే ఊళ్లో ఉండే పురోహితుడి వంతుల పట్టీలో ఎనిమిది గంటలకే ఖాళీ దొరికింది. ఆయన వీడియోలో వస్తాడు కాబట్టి సుహాస్ ఉండే రీడింగ్ ఊరి దాకా ట్రాఫిక్ భయం కూడా లేదు.

ఆ పెట్టె సుహాస్ సొంతానికి తెచ్చుకున్నది కాదు. మేనేజర్ మార్టిన్ జనవరిలో టీములో ఐదుగురికి తలా ఒక చెక్కపెట్టె ఇచ్చి, పెరట్లో పెట్టుకోండి, పిట్టలు గూడు కడతాయి అన్నాడు. మిగతా నలుగురూ ఎక్కడ మేకు కనిపిస్తే అక్కడ తగిలించారు. సుహాస్ మాత్రం ఇల్లు అద్దెకిచ్చినాయనకు ఉత్తరం రాసి, నాలుగు మరలు బిగించడానికి అనుమతి తీసుకుని, పెట్టెతో వచ్చిన కాగితంలో చెప్పినట్టు ఉత్తరానికీ తూర్పుకీ మధ్య దిక్కుకు తిప్పి బిగించాడు. ఏప్రిల్లో విజిటర్ వీసా మీద వచ్చిన తల్లి నాగేశ్వరి దాన్ని చూసి, "ఈశాన్యమా? దొరలకి కూడా వాస్తు తెలిసిందన్నమాట" అని మెచ్చుకుంది.

ఐదు పెట్టెల్లో సుహాస్ పెట్టెకే పిట్టలు వచ్చాయి. నీలి తల, పసుపు పొట్ట, బొటనవేలంత ఒళ్లు. నాగేశ్వరి వాటికి నీలిపిట్టలని పేరు పెట్టింది. రోజుకొకటి చొప్పున ఎనిమిది గుడ్లు పెట్టాయి. మార్టిన్ ప్రతి శనివారం వచ్చి, మూత ఎత్తి, చూసి, ఒక కార్డు మీద రాసుకుని వెళ్లేవాడు. ఇలా పిట్టల పెట్టెలు చూడటం పదకొండేళ్లుగా అతనికొక వ్రతం. మే మొదట్లో కూతురి పురిటికని ఆరు వారాలు న్యూజిలాండ్ వెళ్తూ ఆ కార్డు సుహాస్ చేతిలో పెట్టాడు. వారానికి ఒక్కసారి చూడు, శుక్రవారం నాకు రాయి అన్నాడు.

అసలు సంగతి ఆ కార్డులో లేదు. సుహాస్ వీసా సెప్టెంబరుతో అయిపోతుంది. టీములో లీడ్ పోస్టు ఒక్కటే ఖాళీ ఉంది. అది ఎవరికి వస్తే వాళ్ల వీసాకే కంపెనీ మళ్లీ స్పాన్సర్‌షిప్ ఇస్తుంది. వరుసలో ఉన్నది ఇద్దరు: ఒకరు సుహాస్, ఇంకొకరు వరంగల్ నుంచి వచ్చిన రాజ్‌కిరణ్. ఇద్దరి వీసాలూ ఒకే నెలలో అయిపోతాయి. ఇద్దరూ మధ్యాహ్నం ఒకే మైక్రోవేవ్ దగ్గర కూరలు పంచుకుంటారు. పోస్టు ఎవరికన్నది మార్టిన్ తిరిగొచ్చాక చెబుతాడు.

సుహాస్ తండ్రి సామర్లకోట దగ్గర రైల్వే గేట్‌మన్. ఏ రైలు ఎన్నింటికి వెళ్లిందో రిజిస్టర్లో రాయడం ఆయన పని. ఒకసారి గేటు నాలుగు నిమిషాలు ఆలస్యంగా వేశాడు. ఎవరూ చూడలేదు. అయినా ఆ నాలుగు నిమిషాలూ తనే రాసి, శిక్షగా ఊరూ పేరూ లేని గేటుకు బదిలీ అయ్యాడు. "రిజిస్టర్లో అబద్ధం రాస్తే రైలు ఆగదురా" అనేవాడు. ఆ ఇంట్లో డిగ్రీ దాకా చదివినవాడు సుహాస్ ఒక్కడే. తండ్రి మాట అతనికి డిగ్రీకన్నా ముందు వచ్చిన సర్టిఫికెట్.

తద్దినం సజావుగానే జరిగింది. చిక్కు కాకి దగ్గర వచ్చింది. నాగేశ్వరి అన్నం ముద్ద, గారె, పరమాన్నం, ఆయనకి ఇష్టమని వేయించిన చేప ముక్క విస్తట్లో సర్ది గడ్డి మీద పెట్టింది. ముందు పావురం వచ్చింది. అదిలించింది. తర్వాత ఉడత వచ్చింది. దాన్నీ అదిలించింది. కాకి ముట్టందే ఇంట్లో ఎవరూ ముట్టకూడదు. పదిన్నరకు సుహాస్ ఖాళీ కడుపుతో క్లయింట్ కాల్‌లో కూర్చున్నాడు.

కాకికి ఎత్తు కావాలని నాగేశ్వరికి తెలుసు. ఫెన్సు మీద విస్తరి నిలవదు. షెడ్డు కప్పు వాలుగా ఉంది. పెరడు మొత్తంలో అందేంత ఎత్తులో, పళ్లెంలా చదునుగా ఉన్నది ఒక్కటే. అదీ ఈశాన్యానికే తిరిగి ఉంది. ఆమె విస్తరి తీసుకెళ్లి పిట్టల పెట్టె మీద పెట్టింది.

ఐదు నిమిషాల్లో పొడుగు తోకతో, నలుపూ తెలుపూ కలిసిన పెద్ద పక్షి ఒకటి వచ్చి వాలింది. "ఇట్స్ నాట్ ఎ క్రో, నానమ్మా. ఇట్స్ ఎ మాగ్‌పై" అంది తద్దినమని బడి మానిన ఆరేళ్ల మనవరాలు రిషిత. నాగేశ్వరి పురోహితుడికి ఫోన్ చేసింది. సంకల్పంలో బ్రిటన్ దేశమనే చెప్పుకున్నాం కదమ్మా, ఇక్కడి కాకి ఇక్కడిలాగే ఉంటుంది, కాకి జాతిదైతే దోషం లేదు అన్నాడాయన. జాతి ఏదో తేల్చమని కోడలు ప్రవల్లిక గదిలోకి తొంగిచూసింది. సుహాస్ మైకు ఆపి, ఇంటర్నెట్‌లో వెతికి, "కాకి కుటుంబమేనట" అని తీర్పు చెప్పి మళ్లీ కాల్‌లోకి వెళ్లిపోయాడు. విస్తరి ఎక్కడుందని అతను అడగలేదు. అది అజెండాలో లేదు.

మాగ్‌పై చేప ముక్కతో మొదలుపెట్టి విస్తరి ఖాళీ చేసింది. నాగేశ్వరి కళ్లు ఒత్తుకుంది. "బతికినన్నాళ్లూ ఖాకీ చొక్కాయే కదే అమ్మాయ్. ఇప్పుడు చూడు, సూటేసుకుని వచ్చారు" అంది కోడలితో.

అక్కడితో ఆగితే సరిపోయేది. కానీ వచ్చిన మనిషిని మర్నాడు పస్తుంచడం ఆమెకు చేతకాలేదు. శుక్రవారం ఇడ్లీ, శనివారం గుడ్డు పొరటు, ఆదివారం చికెన్ ముక్క, అన్నీ పెట్టె మీదే. ఆయన ఒక్కడే రావడం మానేసి ఇంకొకరిని వెంటబెట్టుకుని రావడం మొదలుపెట్టాడు. ఆ రెండోదాన్ని చూసి నాగేశ్వరి రెండు రోజులు ముభావంగా ఉంది. నీలిపిట్టలు ఫెన్సు మీద కూర్చుని ఊపిరాడనట్టు అరుస్తుంటే, "ఉండండే, పెద్దాయన తింటున్నారు" అని వాటినే కసిరింది. సుహాస్ ఆ వారం శని, ఆదివారాలతో సహా రోజూ ఆఫీసుకే వెళ్లాడు, ఆ శనివారం పెట్టె చూడటం కూడా తప్పిపోయింది. సాఫ్ట్‌వేర్ రిలీజ్ పని మీద పొద్దున ఏడింటికి వెళ్లి చీకటి పడ్డాక వచ్చాడు.

తర్వాతి శనివారం మూత ఎత్తేసరికి ఎనిమిది గుడ్లూ చల్లగా ఉన్నాయి. తల్లి పిట్ట ఆ పెట్టెను ఎప్పుడో వదిలేసింది.

మూత మీద ఎండిన మెతుకులు, చికెన్ ఎముక చూశాక విస్తరి ఎక్కడ పెడుతున్నారో సుహాస్‌కు అర్థమైంది, కానీ తల్లిని తప్పుపట్టే వీల్లేదు. కాకి కుటుంబమేనని తేల్చింది తనే. లోపలికి వచ్చి మార్టిన్‌కు మెయిల్ రాయడం మొదలుపెట్టాడు. ఇక్కడ ఇంకో ముడి ఉంది. ఆఫీసు అలవాటు కొద్దీ అతను మొదటి శుక్రవారం రిపోర్టును ప్రాజెక్టు రిపోర్టులాగే, సవ్యంగా ఉంటే గ్రీన్, చెడితే రెడ్ అన్న పద్ధతిలో పంపాడు. స్టేటస్: గ్రీన్. గుడ్లు: ఎనిమిది. తల్లి: హాజరు. రిస్కులు: పక్కింటి పిల్లి. మార్టిన్ దాన్ని చూసి పొట్ట పట్టుకుని నవ్వి క్లయింట్ డైరెక్టరుకు పంపాడు. ఆ డైరెక్టరు పెరట్లో మూడేళ్లుగా రెండు పెట్టెలు ఖాళీగా ఉన్నాయట. ఆయన దాన్ని తన అరవైమంది స్టాఫుకూ పంపించి, ఇకనుంచి ప్రతి శుక్రవారం మాకూ కావాలన్నాడు.

ఇప్పుడు స్టేటస్ దగ్గర రెడ్ అని రాశాడు. కింద మూలకారణం అనే గడి ఉంది. అందులో ఏం రాయాలో తెలియలేదు. 'మా నాన్న' అని రాసి కొట్టేశాడు. 'మా నాన్న భోజనానికి రావడం' అని రాసి అదీ కొట్టేశాడు. ఈలోగా మార్టిన్ మెయిల్ వచ్చింది. గుడ్లు పిల్లలైన వార్తను డైరెక్టరు మీటింగులో చదివి వినిపిస్తాడట. ఈ పని నీ చేతిలో ఉన్నందుకు నిశ్చింతగా ఉంది అని చివర్లో ఒక వాక్యం.

ప్రవల్లిక భుజం మీదుగా రెండూ చదివింది. "గుడ్లు ఎలాగూ పోయాయండీ. వాటితో పాటు మనం కూడా పోవాలా?"

"అబద్ధం రాయమంటావా?"

"నేనేం రాయమన్లేదు. రిషిత బడి గురించి ఆలోచించమంటున్నాను."

సుహాస్ ఆ వారం ఆలోచించాడు. శుక్రవారం గ్రీన్ అని రాశాడు. గుడ్లను ప్రవల్లిక పుదీనా కుండీలో పాతిపెట్టింది.

పనిమంతుడు అబద్ధమాడినా శ్రద్ధగానే ఆడతాడు. సుహాస్ నీలిపిట్టల మీద లైబ్రరీ పుస్తకాలు రెండు తెచ్చి చదివాడు. ఏ రోజు గుడ్లు పగలాలో ఆ రోజే పగలగొట్టాడు. ఏ రోజు కళ్లు తెరవాలో ఆ రోజే తెరిపించాడు. గంటకు ఎన్ని గొంగళిపురుగులు తింటాయో గ్రాఫు గీశాడు. ఫొటో అడిగితే, పిల్లలు బెదురుతాయి, నిబంధనల ప్రకారం ఫొటో కూడదు అని రాశాడు. ఆ జవాబు చూసి డైరెక్టరుకు అతని మీద గౌరవం పెరిగింది. క్లయింట్ ఆఫీసులో ఓటింగు పెట్టి ఎనిమిది పిల్లలకూ పేర్లు పెట్టారు. రాజ్‌కిరణ్ మైక్రోవేవ్ దగ్గర అతని భుజం తట్టి, "నీ చెయ్యి మంచిదన్నా. నా పెట్టెల సాలీడు గూడు కట్టింది, అదే రాసి పంపిన మార్టిన్‌కు" అన్నాడు. ఒకసారి మా పిల్లల్ని తీసుకొచ్చి చూపించనా అని కూడా అడిగాడు. సుహాస్ ఈ వారం కదిలించకూడదన్నాడు. ఆ పూట తన కూర మొత్తం రాజ్‌కిరణ్‌కే పెట్టేశాడు.

అన్నీ ఇంత చక్కగా ఉంటే ఎవరైనా అనుమానిస్తారని నాలుగో వారం అతనికి భయం పట్టుకుంది. అందుకని ఒక పిల్లను చంపాడు. అన్నిటికన్నా చిన్నది, పేరు వైలెట్. అరవైమందిలో ఇరవై ముగ్గురు సంతాపం రాశారు. ఒకావిడ ధైర్యంగా ఉండమంది. సుహాస్ తండ్రి పోయినప్పుడు ఆఫీసు మూడు రోజుల సెలవు, ఒక్క లైను మెయిల్ ఇచ్చింది. ఆ లైనులో కూడా తండ్రి పేరు లేదు.

ఆరో వారం మిగిలిన ఏడింటినీ ఎగరేసి, గూడు ఖాళీ అని రాసి కార్డు ముగించాడు. ఆ మాట మాత్రం నిజమే.

మార్టిన్ దిగిన మొదటి శనివారమే వచ్చాడు. ఉన్న మాట అనేస్తుందని రిషితను ముందే స్నేహితురాలి బర్త్‌డేకి పంపేశారు. నాగేశ్వరి పుదీనా వేసి టీ పెట్టింది. ఇంత మంచి పుదీనా టీ ఎక్కడా తాగలేదని మార్టిన్ అన్నాడు. ప్రవల్లిక వంటింట్లోకి వెళ్లిపోయింది.

పిల్లలు వెళ్లిపోయాక పెట్టె శుభ్రం చేయడం అతని అలవాటు. మూత తీసి, గూడును రెండు చేతులతో పైకెత్తి, వెలుతురులో పట్టుకుని చాలాసేపు చూశాడు. తర్వాత క్లాసులో చెప్పినట్టు మెల్లగా చెప్పాడు. ఏడు పిల్లలు మూడు వారాలు తొక్కిన గూడు పళ్లెంలా అణిగిపోతుంది. రెట్టలు, ఈకల పొట్టు అంటుకుని ఉంటాయి. ఇది చూడు, గిన్నెలా ఉంది. నాచు కూడా నలగలేదు. ఇందులో ఎవరూ పెరగలేదు.

సుహాస్‌కు ఇన్ని వారాల తర్వాత ఎవరో బరువు దించినట్టయింది. తండ్రి నాలుగు నిమిషాలు గుర్తొచ్చాయి. మొత్తం చెప్పేద్దామని, తద్దినం దగ్గర్నుంచీ మొదలుపెట్టబోయాడు.

మార్టిన్ చెయ్యెత్తి ఆపాడు. "వద్దు. చెబితే నేను రాసుకోవాల్సి వస్తుంది."

గూడును చెత్తసంచిలో వేసి, చేతులు దులుపుకుని, టీ పూర్తి చేశాడు. మన ప్రాజెక్టు కూడా ఆ పెట్టెలాగే ఉందని, లోపల ఏమీ లేదని, తన దగ్గరున్నవాళ్లంతా ఉన్నది ఉన్నట్టు క్లయింటుకు రాసేసే రకమని నిదానంగా చెప్పాడు. ఖాళీ పెట్టెతో అరవైమందిని ఇన్ని వారాలు సంతోషంగా ఉంచినవాణ్ణి ఇన్నేళ్లలో చూడలేదన్నాడు. అన్నిటికన్నా వైలెట్ చావు తనకు నచ్చిందట. అది పుస్తకాల్లో దొరికే విద్య కాదట.

"రాజ్‌కిరణ్?" అన్నాడు సుహాస్.

"చాలా మంచివాడు" అన్నాడు మార్టిన్. ఆ మాట అన్న తీరుకు రాజ్‌కిరణ్ సెప్టెంబరులో విమానమెక్కడం ఖాయమైపోయింది. స్పాన్సర్‌షిప్ కాగితాలు సోమవారం పంపిస్తానని చెప్పి అతను కారెక్కాడు.

"ఏమన్నాడ్రా?" అని అడిగింది నాగేశ్వరి.

"పోస్టు నాకేనంట."

ఆమె చేతులు జోడించింది. "అంతా మీ నాన్న చలవ. రోజూ వచ్చి చూసుకుంటానే ఉన్నారు." వెంటనే గారెలు వేసి, చేప ముక్క వేయించి, విస్తరి తీసుకెళ్లి పెట్టె మీద పెట్టింది.

మాగ్‌పై వచ్చింది. ఫెన్సు మీద కూర్చుని విస్తరి వంక చూసింది. పెట్టె మీదకు దూకి, చేప ముక్క చుట్టూ ఒకసారి తిరిగింది. ముక్కు పెట్టలేదు. కాసేపు సుహాస్ వైపు చూసి, పక్కింటి పెరట్లోకి ఎగిరిపోయింది. మర్నాడు అసలు రాలేదు. తద్దినం నాడు కూడా అంతసేపు కాచుకోని నాగేశ్వరి ఆ ఆదివారం మధ్యాహ్నం రెండు దాకా మెట్ల మీద కూర్చుంది.

"ముట్టలేదేంట్రా? ఏదో కోపంగా ఉన్నారు."

"తిండి ఎక్కువైందమ్మా" అన్నాడు సుహాస్, ఆమె ముఖం చూడకుండా.

సోమవారం లీడ్‌గా అతను క్లయింటుకు పంపిన మొదటి ప్రాజెక్టు రిపోర్టులో అన్నీ గ్రీన్‌లోనే ఉన్నాయి. నమ్మకం కోసం ఒక్కటి మాత్రం రెడ్ పెట్టాడు.