ఆరుగురు లేచే బెంచీ

ఆ రోజు పొద్దున వడ్రంగి పెట్టుకున్న పని చిన్నది. వీధి చివర మందుల కొట్టు తలుపు నేలకు గీసుకుంటోంది. చిత్రికతో నాలుగు పట్లు పట్టి, ఎండెక్కకముందే ఇంటికి వచ్చి నడుం వాల్చాలి. అంతే.

టీ తాగి చెప్పులు వేసుకుంటుంటే భార్య పిలిచింది. ఆమె ఇంట్లో మిషను మీద చొక్కాలు కుట్టే మనిషి. ఉతకడానికి తీసిన భర్త చొక్కా జేబులో ఒక కాగితం దొరికింది.

“ఏమయ్యా, ఏంటీ బొమ్మ?”

“బడివాళ్ళిచ్చిన బెంచీ బొమ్మ. ఆ పని అయిపోయిందిగా, పారెయ్.”

“సగమే గీశారే.”

“కాగితం చాల్లేదంట. రెండో సగం కూడా ఇంతే అని కింద రాశారు.”

ఆమె కాగితాన్ని వెలుతురుకు పట్టి చూసింది. “మరి కాళ్ళు ఎక్కడ పెట్టావు?”

“బొమ్మలో ఉన్నట్టే. మధ్య నుంచి అడుగు దూరంలో ఇటో జత, అటో జత.”

“ఇది మధ్య కాదయ్యా, చివర. ఈ పక్క గీత గీసి మూసేశారు చూడు. అంటే బెంచీ అయిపోయింది. ఆ పక్క గీత లేదు. అంటే కాగితం అయిపోయింది. నేను చొక్కా గుడ్డ మడతపెట్టి సగమే గీస్తానా? మడత ఎటో అంచు ఎటో చూసుకోకపోతే చేతులు వీపులోంచి వస్తాయి.”

వడ్రంగి ఒక కాలికి చెప్పుతోనే అరుగు మీద కూలబడ్డాడు.

బెంచీ తొమ్మిది అడుగుల పొడవు. ఆరుగురు పిల్లలు కూర్చోవాలి. చివరల దగ్గర ఉండాల్సిన కాళ్ళు మధ్యలో రెండడుగుల ఎడంతో ఉన్నాయి. చేసేటప్పుడు ఆయనకూ అనుమానం రాకపోలేదు. కానీ గీసింది బడిలో పెద్ద టీచరమ్మ. చదువుకున్నవాళ్ళు ఊరికే గీయరు, పిల్లలు కాళ్ళు ఊపుకోవడానికి జాగా కోసమేమో అనుకున్నాడు. అయ్యాక మధ్యలో కూర్చుని చూశాడు. రాయిలా ఉంది. మధ్యలో కూర్చుంటే ఏదైనా రాయిలాగే ఉంటుంది.

ఆయన మాటలు తక్కువ మనిషి. గొప్పగా చెప్పుకునేది ఒక్కటే. ముప్పై ఏళ్ళలో తను చేసిన వస్తువు ఒక్కటి కూడా తిరిగి రాలేదు. ఆ మాట మీదే జనం పని ఇస్తారు. ఆ మాట మీదే ఆయన కూడా నిద్రపోతాడు.

బెంచీ బడికి చేరి పది రోజులైంది. ఈపాటికి పిల్లలు పడి ఉండాలి. పడితే కబురు రావాలి. ఉలుకూ పలుకూ లేదు. ఇదే ఆయనకు అంతుపట్టలేదు.

“తిరిగి పంపేలోపు నేనే వెళ్ళి సరిచేసొస్తా,” అని రంపం, బర్మా, సుత్తి సంచిలో వేసుకున్నాడు.

“మరి మందుల కొట్టు తలుపు?”

“అదేం ఇవాళే ఊడిపడదులే.”

బడి గేటు దగ్గర గంట కొట్టే బంట్రోతు ఆపాడు.

“ఏం మేస్త్రీ, ఇలా వచ్చావు?”

“బెంచీకి చిన్న పని ఉంది.”

“దానికేం పని? నిక్షేపంలా ఉంది. అసలు నీ బెంచీ మీదున్న ఆరుగుర్ని చూశావా? మూడో తరగతిలో వాళ్ళని మించిన అల్లరివాళ్ళు లేరు. ఒకడు కిటికీలో, ఒకడు గుమ్మంలో, ఒకడు ఇంకొకడి మీద ఉండేవాడు. పది రోజుల్లో దారికొచ్చారు. ఎందుకో తెలుసా?”

వడ్రంగి అడిగాడు, “ఎందుకు?”

“ఈ నెల నుంచి నేను గంట గట్టిగా కొడుతున్నా.”

వడ్రంగి వసారాలోకి నడిచాడు. మూడో తరగతి కిటికీ పక్కన నిలబడి లోపలికి చూశాడు.

బెంచీ ముందు వరసలోనే ఉంది. ఒక చివర బక్కపల్చటి పిల్లాడు. వాణ్ణి అందరూ పుల్ల అంటారు. ఇంకో చివర ఉన్నవాడు బస్తా. ఆ పేరు ఎందుకొచ్చిందో చూస్తే తెలుస్తుంది. మధ్యలో ఒకడు వేళ్ళతో చెక్క మీద దరువేస్తున్నాడు. వాడు టకటక. మిగతా ముగ్గురూ వీళ్ళ మధ్య సర్దుకున్నారు.

టీచర్ అడిగింది, “ఏడు ఎనిమిదులు ఎంత?”

పుల్ల చెయ్యెత్తలేదు. పక్కవాడి చెవిలో ఏదో అన్నాడు. వాడు ఆ పక్కవాడి చెవిలో అన్నాడు. అలా మాట బస్తా దాకా పోయింది. బస్తా కళ్ళు మూసుకుని పెదవులు కదిపి, తల ఊపాడు. అప్పుడు టకటక చెక్క మీద మూడు దెబ్బలు వేశాడు. ఆరుగురూ ఒక్కసారి లేచారు. కవాతులో కూడా అంత బాగా లేవరు.

“నువ్వు చెప్పు,” అని టీచర్ బస్తాను చూపించింది.

“యాభై ఆరు టీచర్. ఏడు ఏడులు నలభై తొమ్మిది, ఇంకో ఏడు కలిపితే వస్తుంది.”

మళ్ళీ మూడు దెబ్బలు. ఆరుగురూ ఒక్కసారి కూర్చున్నారు. బెంచీ కిక్కురుమనలేదు.

వడ్రంగి ముక్కు మీద వేలేసుకున్నాడు. టీచర్ ఆయన్ను చూసి కిటికీ దగ్గరికి వచ్చింది.

“ఎవరి తాలూకండీ మీరు?”

“బెంచీ తాలూకమ్మా. నేనే చేశాను. దానికి కొంచెం...”

“మీరేనా? మంచి బెంచీ. కానీ దీనికంతా అదిగో, ఆ పటం కారణం.” పుల్ల పక్కన గోడ మీద పెద్ద అట్ట ఉంది. దాని నిండా అతికించిన నక్షత్రాలు. “కలిసి పనిచేస్తే నక్షత్రం. నా ఆలోచనే. పెద్ద టీచరమ్మ మాత్రం తను సోమవారాలు ఐకమత్యం మీద చెప్పే మాటల వల్లే అంటుంది.” గొంతు తగ్గించి, “ఆవిడ చెప్పేటప్పుడు వీళ్ళు నిద్రపోతారు,” అంది.

 విరామంలో పని చేసుకుంటానని మాత్రం వడ్రంగి అన్నాడు.

గంట కొట్టగానే పిల్లలు బయటికి పరిగెత్తారు. వడ్రంగి లోపలికి వెళ్ళి బెంచీని తిరగేసి, ఒక కాలికున్న మరమేకు సగం విప్పాడో లేదో, వెనక ఎవరో ఊపిరి పీలుస్తున్నట్టు అనిపించింది. తిరిగి చూస్తే ఆరుగురూ వరసగా నిలబడి ఉన్నారు.

“తాతా, మా బెంచీని ఏం చేస్తున్నావు?” అన్నాడు పుల్ల.

“బాగుచేస్తున్నా.”

“బానే ఉందిగా.”

“బాలేదురా. ఒక చివరవాడు లేస్తే రెండో చివరవాడు పడతాడు.”

“తెలుసు,” అన్నాడు బస్తా. “రెండో చివర నేనేగా.”

వడ్రంగి మర వదిలేశాడు. “మరి ఎవరికీ చెప్పలేదేం?”

పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. టకటక మొదలుపెట్టాడు. “మొదటి రోజే పుల్ల లెక్క చెప్పడానికి లేచాడు తాతా. బస్తా పడ్డాడు. మేమంతా వాడి మీద పడ్డాం. టీచర్ అప్పుడు అటు తిరిగి రాస్తోంది. మేం కావాలని పడ్డామనుకుంది. ఇంకోసారి పడితే ఆరుగుర్నీ ఆరు మూలల్లో కూర్చోబెడతానంది.”

“బెంచీ బాలేదని చెప్తే సరిపోయేదిగా.”

“చెప్తే బెంచీ తీసేస్తారు. అప్పుడు కూడా ఆరు మూలలే,” అన్నాడు పుల్ల. “అందుకని అందరం కలిసి లేద్దామనుకున్నాం. కానీ లేచినవాళ్ళలో టీచర్ ఎవర్నయినా అడుగుద్ది. అందుకని అందరికీ వచ్చాకే లేస్తాం. బస్తాకి ఏడో ఎక్కం రావడానికి నాలుగు రోజులు పట్టింది. ఆ నాలుగు రోజులూ మేం లేవలేదు.”

“పడేది నేను కదా. నేర్చుకోక చస్తానా?” అన్నాడు బస్తా.

వడ్రంగి బెంచీ కాళ్ళ వంక చూశాడు. పిల్లల వంక చూశాడు. “కాళ్ళు చివరికి జరిపితే మీకీ బాధ ఉండదుగా. ఎవడు ఎప్పుడు లేచినా కదలదు.”

“అదే వద్దనేది. సరిగ్గా ఉంటే ఎవడికి వాడు లేస్తాడు తాతా,” అన్నాడు పుల్ల.

 వడ్రంగి చేతి తప్పు ఆయన కళ్ళముందే ఉంది. దాన్ని అలా వదిలేసి వెళితే రాత్రి నిద్ర పట్టదు. ఇంతలో గంట గణగణ మోగింది. విరామం ఇంకా సగం కూడా కాలేదు. తనిఖీ అధికారి చెప్పకుండా వచ్చేశాడని బంట్రోతు వసారా అంతా అరుచుకుంటూ పోయాడు. వడ్రంగి గబగబా మర బిగించి, బెంచీ నిలబెట్టి, తేలు కుట్టిన దొంగలా కిటికీ అవతలికి చేరాడు.

అధికారి సన్నగా, పొడుగ్గా ఉన్నాడు. ప్రతిదాన్నీ వంగి కింది నుంచి చూసే అలవాటున్న మనిషి. బీరువా కిందకు చూశాడు. కుర్చీ కిందకు చూశాడు. పెద్ద టీచరమ్మ వెనకే నిలబడి ఐకమత్యం గురించి చెబుతోంది. టీచర్ నక్షత్రాల పటం పక్కకు జరిగి నిలబడింది.

అధికారి ఒక లెక్క అడిగాడు. చెవులు కొరుక్కోవడం, మూడు దెబ్బలు, ఆరుగురూ లేవడం. ఆయన కనుబొమలు పైకి పోయాయి.

“అడిగింది ఒక లెక్క. ఆరుగురు లేచారేం?”

“మా నక్షత్రాల పద్ధతి సార్,” అంది టీచర్.

“సోమవారం ప్రసంగాలు సార్,” అంది పెద్ద టీచరమ్మ.

ఆయన పుల్లతో అన్నాడు, “అందరూ కూర్చోండి. ఇప్పుడు నువ్వొక్కడివే లే.”

“ఒక్కణ్ణే లేవకూడదు సార్.”

“ఎవరు చెప్పారు?”

“బెంచీ సార్.”

టీచర్ మొహం పాలిపోయింది. అధికారి మాత్రం కోప్పడలేదు. ఒకడి చదువు చాటున అయిదుగురు దాక్కుంటున్నారని ఆయన అనుమానం. “విడివిడిగా చూస్తాను. బాబూ, కాస్త జరుగు,” అంటూ వచ్చి బస్తా పక్కన, బెంచీ చిట్టచివర కూర్చున్నాడు. చెక్క సన్నగా మూలిగింది.

“సార్, మీరు మధ్యలో కూర్చోండి సార్,” అన్నాడు బస్తా.

“ఎక్కడ కూర్చోవాలో నువ్వు నాకు చెప్తావా? ఏయ్, ఆ చివరబ్బాయ్, నువ్వు లేచి నల్లబల్ల దగ్గరికి రా.”

కిటికీలోంచి కేక వినిపించింది. “లేవకు బాబూ, లేవకు.”

అందరూ అటు తిరిగారు. కిటికీలో ఒక ముసలాయన, చేతిలో రంపం. లేవమని లోపలివాడు, లేవద్దని బయటివాడు. టకటకకు బుర్ర పనిచెయ్యలేదు. బుర్ర పనిచెయ్యనప్పుడు వాడు చేసే పని ఒకటే. చెక్క మీద మూడు దెబ్బలు వేశాడు.

ఆరుగురూ ఒక్కసారి లేచారు.

అధికారి కూర్చున్న చివర నేలకు దిగింది. రెండో చివర గాలిలోకి లేచి, గోడ మీది పటాన్ని నక్షత్రాలతో సహా కిందికి లాక్కొచ్చింది.  అధికారి నేల మీద వెల్లకిలా ఉన్నాడు. లేవలేదు. ఆయన బెంచీ కిందకు చూస్తున్నాడు.

“ఈ కాళ్ళు ఇక్కడెందుకున్నాయి?” అన్నాడు అలాగే పడుకుని.

వడ్రంగి రంపం కిటికీలో పెట్టి లోపలికి వచ్చాడు. “తప్పు నాది బాబూ. మధ్య ఏదో చివర ఏదో తెలుసుకోకుండా చేశాను. ఈ పిల్లలు పది రోజులుగా నా తప్పు మోస్తున్నారు. తీసుకుపోయి సరిచేసి ఇస్తాను.” అన్నాళ్ళుగా కాపాడుకున్న మాటను తన నోటితోనే పోగొట్టుకుంటున్నానని ఆయనకు తెలుసు. 

అధికారి దుమ్ము దులుపుకుని లేచాడు. పిల్లల్ని అడిగాడు. వాళ్ళు ఉన్నదున్నట్టు చెప్పారు. ఆయన నమ్మలేదు. ఒక్కొక్కణ్ణి నల్లబల్ల దగ్గరికి పిలిచి, మిగిలినవాళ్ళను బయట నిలబెట్టి లెక్క ఇచ్చాడు. అయిదుగురూ చేశారు. చివరికి బస్తా వంతు వచ్చింది. వాడు సుద్దముక్క పట్టుకున్నాడు. అలవాటుగా పక్కకు చూశాడు. పక్కన ఎవరూ లేరు. అప్పుడు వేళ్ళతో నల్లబల్ల మీద తనకు తనే మూడు దెబ్బలు వేసుకుని, లెక్క పూర్తిచేశాడు. సరిగ్గా ఉంది.

అధికారి నుదురు రుద్దుకుంటూ బెంచీని ఇంకోసారి కింది నుంచి చూశాడు. ఊడిపడిన పటాన్ని చూశాడు. పెద్ద టీచరమ్మను చూశాడు. ఆవిడ నేల చూసింది.

“మేస్త్రీ, దీన్ని ముట్టుకోకు. ఇలాంటివే ఇంకో పది చెయ్యాలి. అచ్చం ఇలాగే.”

“ఇలాగంటే... తప్పుగానా బాబూ?”

“అచ్చం ఇలాగే.”

వడ్రంగి ఇంటికి వచ్చి పది బెంచీల పని మొదలుపెట్టాడు. పది సార్లు మధ్య గుర్తు పెట్టుకున్నాడు. పది సార్లు అడుగు కొలిచాడు. కాళ్ళు బిగించే చోటికి వచ్చేసరికి చెయ్యి ఒప్పుకోలేదు. ఎవరు చూస్తారులే అని ఒక్కో జతను కాస్త బయటికి జరిపాడు, ఆపైన ఇంకాస్త. మనసు కుదుటపడ్డాక బండిలో వేసి పంపి, ఆ రాత్రి హాయిగా నిద్రపోయాడు.

నాలుగో రోజు బండి మళ్ళీ వచ్చింది. అందులో పది బెంచీలూ ఉన్నాయి. పైన పెద్ద టీచరమ్మ రాసిన చీటీ. “ఎవరు లేచినా ఇవి కదలడం లేదు. సరిచేసి పంపగలరు.” ఈసారి బొమ్మ పూర్తిగా గీసింది. మధ్య అని, చివర అని ఎర్ర సిరాతో రాసింది కూడా.

భార్య మిషను ఆపి బయటికి వచ్చింది. “ముప్పై ఏళ్ళలో ఒక్కటీ తిరిగి రాలేదన్నావుగా?”

 వడ్రంగి సంచిలోంచి రంపం తీసి, బాగున్న బెంచీలను బాగుచెయ్యడానికి కూర్చున్నాడు.