గడప దాటే ముందు ఎన్ని ఫోటోలు?

ప్రయాణానికి సంచి సర్దుకునేవాళ్ళకి ఒక సలహా. బట్టలు తర్వాత. మంచినీళ్ళ సీసా తర్వాత. ముందు కెమెరా చార్జరు పెట్టండి. పెట్టారా? దాని పక్కనే ఇంకో మెమరీ కార్డు కూడా పెట్టండి. అప్పటికీ జాగా మిగిలితే టిఫిన్ డబ్బా సంగతి చూడొచ్చు. ఆకలి రేపు కూడా వేస్తుంది. ఫోటో రేపు పడుతుందని ఎవరు చెప్పగలరు?

డిజిటల్ కెమెరాలు వచ్చాక జనం అడ్డూ అదుపూ లేకుండా ఫోటోలు తీసేస్తున్నారని పెద్దలు విసుక్కుంటున్నారు. నేను ఆ జట్టులో లేను. నన్నడిగితే తీస్తున్నవి బొత్తిగా చాలడం లేదు! ఒక మనిషి ఊరికి బయల్దేరితే వెయ్యి ఫోటోలైనా తీయాలి. పక్క వీధికి వెళ్తే వంద చాలు.

నేను బడికి వెళ్ళినదాన్ని కాను. బందరులో మాది ఎండుచేపల వ్యాపారం. చేపలు చుట్టే పాత పేపర్లు కూడబలుక్కుంటూ చదవడం నేర్చుకున్నాను. అందుచేత లోకంలోని వార్తలన్నీ నాకు కాస్త ఆలస్యంగా, కాస్త వాసనతో అందాయి. డిజిటల్ కెమెరా మాత్రం తాజాగా వచ్చింది. కిందటి నెల మా అబ్బాయి నాగేంద్రబాబు కొన్నాడు.

ఆ రోజు నుంచీ మా ఇంట్లో ఫోటో దిగని వస్తువు లేదు. ఇడ్లీ దిగింది. ఇడ్లీ తినేశాక ఖాళీ పళ్ళెం దిగింది. గోడమీద బల్లి ఎడమవైపు నుంచీ కుడివైపు నుంచీ దిగింది. మా ఎదురింటి బాలాజీ ఎక్కడికో వెళ్ళి, 'ఇక్కడ ఫోటోలు తీయరాదు' అన్న బోర్డుని ఫోటో తీసుకొచ్చాడు. తప్పేముంది? చదివినట్టు రుజువుండొద్దూ!

రీలు కెమెరా రోజుల్లో ఈ భాగ్యం ఉండేదా? రీలుకి పన్నెండు. ఒక్కొక్కటీ రేషన్ పంచదార లాగా వాడుకోవాలి. ఫోటో అనగానే ఊపిరి బిగబట్టి, కళ్ళు మిటకరించి, చావు కబురు విన్నట్టు నిలబడేవాళ్ళం. అందుకే మా పాత ఆల్బంలో నవ్వే మొహం ఒక్కటే ఉంటుంది, అదీ ఎవరిదో మేకది.

మొన్న ఆదివారం మా మనవరాలు మాధవి, దాని కాలేజీ స్నేహితురాళ్ళు వాణి, సువర్ణ కలిసి ఫోటోలు తీయడానికే ప్రయాణం కట్టారు. ఘంటసాలలో బౌద్ధ స్తూపం, అక్కడి నుంచి అవనిగడ్డ, ఆటోలో హంసలదీవి దాకా వెళ్ళి, కృష్ణ సముద్రంలో కలిసే చోటు చూసి రాత్రికి వచ్చేయాలి. సంచి సర్దుతూ ఎక్కడ ఎన్ని తీయాలో వాదించుకున్నారు.

"స్తూపానికి పది చాలే!"

"పదేంటే, చుట్టూ తిరిగి తీయొద్దూ?"

"అన్నీ అక్కడే తగలేస్తే సముద్రానికి ఏం మిగుల్తాయే?"

"సముద్రం ఎంత తీసినా ఒకేలా ఉంటది!"

ఆ చివరి మాటతో నేను ఏకీభవించను. సముద్రం అన్నివేళలా ఒకేలా ఉండదు. అయినా పిల్లల మధ్య పెద్దవాళ్ళం ఎందుకని ఊరుకున్నాను. స్తూపానికీ, పడవలకీ, పీతలకీ వాటాలు పడ్డాయి. సూర్యాస్తమయానికి సింహభాగం ఇచ్చారు. మనుషులకి? మనుషుల ఊసే లేదు!

అక్కడ కలగజేసుకున్నాను. "ముందు గుమ్మంలో మీ ముగ్గురికీ ఒకటి తీయించుకుని కదలండి" అన్నాను. మా ఇంట్లోంచి ఎవరు బయటికి వెళ్ళినా, వెళ్ళే ముందు వాళ్ళ ఫోటో ఒకటి నాకు కావాలి. ఇది నా పిచ్చి అని మావాళ్ళంటారు. పిచ్చే అనుకోండి. కార్డులో ఎంత చోటు పడుతుందేం?

నా లెక్క కూడా వినండి. ముగ్గురికీ విడివిడిగా మూడు. జంటలుగా మూడు. ఆ పైన వీధి మలుపు తిరిగేదాకా వెనక నుంచి ఎన్నైనా. వెళ్ళేవాళ్ళు ఆఖరున కనిపించేది వెనక నుంచే కదా! వెనక నుంచి పిలవకూడదన్నారు గానీ, ఫోటో తీయకూడదని ఏ శాస్త్రంలోనూ లేదు.

"నాయనమ్మా, బస్సు పోద్దే!" అంది మాధవి.

సువర్ణ మాత్రం సంచి కింద పెట్టి పక్కకి జరిగింది. "ముగ్గురం కలిసి దిగకూడదండీ మామ్మగారూ, మా ఇంట్లో చంపేస్తారు. మీ ఇద్దరూ దిగండే, నేను వచ్చాక దిగుతాలే."

చూశారా! కెమెరా మారింది, కాలేజీ చదువులొచ్చాయి, ముగ్గురు దిగితే ఒకరికి కీడన్న మాట మాత్రం చెక్కు చెదరకుండా వచ్చింది. ఆ పిల్ల చెయ్యి పట్టుకుని మధ్యలోకి లాగి, నేనూ పక్కన నిలబడ్డాను. "ఇప్పుడు నలుగురం. తియ్యరా!" అన్నాను. మా నాగేంద్రబాబు తీశాడు. అందులో ముగ్గురాడపిల్లలూ నిండుగా పడ్డారు. నేను మెడ దాకా పడ్డాను.

"అమ్మా, నీ తల రాలేదు. ఇంకోటి తీస్తానుండు."

"నేనెక్కడికీ వెళ్ళట్లేదుగా, అదే ఉంచు" అన్నాను.

ఆ రోజంతా నేను గుమ్మం దగ్గరే కూర్చున్నాను. ఆత్రంతో అనుకునేరు. గాలి కోసం. మబ్బు పట్టిందా అని ఆకాశం వైపు చూడడం కూడా గాలి కోసమే. మా కోడలు నాలుగుసార్లు అన్నానికి పిలిచింది. అదేమిటో ఆకలి వేయలేదు.

రాత్రి భోజనాల వేళకి ముగ్గురూ ఇసక కాళ్ళతో వచ్చిపడ్డారు. ఎవరికీ ఏమీ కాలేదు! ఫోటోలన్నీ చూపించారు. ఎర్ర సూర్యుడు, ఇంకా ఎర్ర సూర్యుడు, సగం మునిగిన సూర్యుడు, సూర్యుణ్ణి చూస్తున్న పీత. బాగున్నాయి. మరి గుమ్మం ఫోటో ఏదమ్మా?

"కార్డు నిండిపోయింది నాయనమ్మా, డిలీట్ చేసేశాం. నీ తల కూడా లేదుగా అందులో!"

"అయినా మేం వచ్చేశాం కదండీ మామ్మగారూ, ఇంకా అదెందుకు?" అంది సువర్ణ.

నిజమే! వచ్చేసినవాళ్ళకి వెళ్ళేటప్పటి ఫోటో ఎందుకు? ఇంత చిన్న విషయం నాకెందుకు తట్టలేదు? కాబట్టి పాఠకులారా, నా వాదన సవరించుకుంటున్నాను. వెయ్యి అక్కర్లేదు, వందా అక్కర్లేదు. ఒక్కటి చాలు. ఎవరూ పక్కకి జరగకుండా తీసింది, ఎవరూ చెరపకుండా ఉంచింది.

రీలు కెమెరా రోజుల్లో మా ఇంట్లో అలాంటిది ఒకటి తీయబోయారు. మా చెల్లెలు పున్నమ్మ మా దగ్గర నాలుగు రోజులుండి, నాగాయలంక అవతల సముద్రం ఒడ్డున ఉన్న అత్తవారి ఊరికి బయల్దేరింది. మా బావ సూరయ్య ఎవరినో అడిగి తెచ్చిన కెమెరాలో ఒక్క ఫోటో మిగిలింది. గుమ్మంలో అక్క సత్యవతమ్మ, నేను, పున్నమ్మ.

"ముగ్గురు దిగకూడదంట కదే. మీ ఇద్దరూ దిగండి. నేనెటూ మళ్ళీ వస్తాగా, అప్పుడు దిగుతా" అని అదే పక్కకి జరిగింది.

నాలుగో మనిషిని పిలవాలని ఎవరికీ తోచలేదు.

ఆ ఫోటో ఇప్పటికీ మా గోడకి ఉంది. అక్కా నేనూ బిగుసుకుని నిలబడ్డాం. మా కాళ్ళ దగ్గర పున్నమ్మ సర్దుకున్న వైరుబుట్ట పడింది. పున్నమ్మ పడలేదు. దిగిన మా ఇద్దరికీ ఈనాటి దాకా ఏమీ కాలేదు.

అది శుక్రవారం. మర్నాడు ఉప్పెన వచ్చింది, 1977 నవంబరు 19న. పున్నమ్మ తిరిగి రాలేదు.