నోటరీ మైదానం తిన్న రోజు

జూన్ నెల, శనివారం. ఉదయం ఏడు గంటలకు ఎవరిస్తో చేతిలో ఉన్న సరంజామా ఇంత: ఒక గుర్రం, ఒక విశాలమైన పెరడు, పీపాలతో నిండిన ఒక వైను గోదాము, బిల్బావో నుంచి వస్తున్న పదకొండు మంది రిటైరైన దంతవైద్యులు. గుర్రం బావమరిది చానోది. పెరడు మామగారిది. గోదాము ఆ పెరటి గోడకు అవతలివాళ్ళది. దంతవైద్యులు సాయంత్రం నాలుగున్నర రైలుకు వెళ్ళిపోతారు. ఇన్నిటిలో ఎవరిస్తోకు సొంతమైనది, వీటన్నిటినీ ఒక్క రోజులో ఇమిడ్చిన ఆలోచన ఒక్కటే. ఎదుటివాళ్ళ సామానుతో చేసేదే అసలైన వ్యాపారమని అతని నమ్మకం.

"పదకొండింటికి వైను, పన్నెండున్నరకు పెరట్లో గుర్రం నాట్యం, రెండింటికి భోజనం. ఎక్కడా ఒక్క నిమిషం దండగ లేదు," అన్నాడు రొట్టె మీద ఆలివ్ నూనె పోసుకుంటూ. సంతోషంలో నూనె బల్ల మీద కూడా పోశాడు.

"గొడుగులు అద్దెకిచ్చినప్పుడూ ఇలాగే చెప్పావు," అంది అతని భార్య రెమె, గుడ్డతో బల్ల తుడుస్తూ.

"వాన రాకపోతే అది నా తప్పా?"

"మూడేళ్ళుగా రాని వాన, నువ్వు గొడుగులు కొన్నావని వస్తుందా?"

ఎవరిస్తోకు హెరెస్ ఊళ్ళో జీన్లూ కళ్ళేలూ గడ్డి టోపీలూ అమ్మే చిన్న కొట్టు ఉంది. అది నడిచేది సంత జరిగే ఒక్క వారమే. మిగతా యాభై ఒక్క వారాలూ అతను కొత్త వ్యాపారాలు ఆలోచిస్తుంటాడు. ఇది నాలుగోది. దీనికి పెరడు అడగబోతే, దాణా కొట్టు నడిపే మామగారు ఫెర్మీన్ కాదనలేదు. ఇంటిల్లిపాదీ ఉండగా ఒక్క షరతు పెట్టారు.

"తీసుకో, అల్లుడూ. కుదిరితే నీ అదృష్టం. కుదరకపోతే సోమవారం నుంచి నా కొట్లో కూర్చుని బార్లీ తూస్తావు. ఇక ఆలోచనలు కట్టిపెడతావు."

కుదరడమంటే ఏమిటో కూడా తేలిపోయింది. దంతవైద్యుల సంఘానికి కార్యదర్శి మైతే అనే ఆవిడ. ఈ మొదటి జట్టుకు నచ్చితే, చలికాలం వచ్చేదాకా ఇరవై శనివారాలు, ఇరవై జట్లను పంపుతానని ఫోనులో చెప్పింది. ఇరవై శనివారాలు ఒకవైపు, దాణా కొట్టు మరొకవైపు. ఎవరిస్తోకు రాత్రంతా నిద్ర పట్టనిది భయంతో కాదు, ఉత్సాహంతో.

ఆ ఉదయం లెవాంతె వీస్తోంది. తూర్పు నుంచి వచ్చే ఆ వేడిగాలి మొదలైతే ఊళ్ళో గుర్రాలకూ మనుషులకూ చిరాకు పుడుతుంది, నేల మీది పచ్చమట్టి ఇళ్ళలోకి వస్తుంది. గుర్రాలను నడిపించే చోటైనా, వైను పీపాలు పేర్చే చోటైనా హెరెస్‌లో నేల మీద పరిచేది ఆ పసుపుపచ్చ మట్టే. దాన్ని ఎప్పుడూ కాస్త తడిపి ఉంచాలి. ఎంత తడపాలో ఆ ఊళ్ళో పుట్టిన ప్రతి మనిషికీ తెలుసు. తనకు తప్ప మరొకరికి తెలియదన్న సంగతి కూడా తెలుసు.

ఎవరిస్తో పెరటికి వెళ్ళి, గొట్టం పట్టుకుని అరగంట నేల తడిపి, మట్టి మీద అడుగు వేసి చూసుకుని, తృప్తిపడి స్టేషనుకు వెళ్ళాడు.

*

పదకొండు మంది దంతవైద్యులూ చల్లటి, చీకటి గోదాములో అడుగుపెట్టగానే గోదాము మేస్త్రి ఎలాదియో వేలు పెదవులకు ఆనించాడు. డెబ్బై రెండేళ్ళ మనిషి. నలభై ఎనిమిదేళ్ళుగా ఆ పీపాల మధ్యనే ఉన్నాడు.

"వైను నిద్రపోతోంది," అన్నాడు గుసగుసగా. "పీపాలో దాని మీద తెల్లటి మీగడలాంటి పొర ఉంటుంది. ఆ పొర బతికుంటేనే వైను బతుకుతుంది. గొంతు పెంచినవాళ్ళు ఎంతటివాళ్ళయినా బయటికే."

పొడవాటి పిడి ఉన్న చిన్న గిన్నెను పీపాలోకి దింపి, పైకెత్తి, తలకన్నా ఎత్తు నుంచి గ్లాసులోకి సన్నటి ధార వదిలాడు. ఒక్క చుక్క కింద పడలేదు. దంతవైద్యులు ఊపిరి బిగబట్టారు. ఎవరిస్తో మనసులో ఇరవై శనివారాలూ దక్కినట్టే లెక్క వేసుకున్నాడు.

రెండో గ్లాసు దగ్గర ఉండగా చానో వచ్చాడు. మోకాళ్ళ దాకా పచ్చ బురద.

"బావా, ఒక్క మాట. పెరడు లేదు."

"లేకపోవడమేమిటి? పొద్దున నా కళ్ళతో చూశాను."

"ఉందిలే. కానీ నోటరీ అందులో దిగితే మళ్ళీ పైకి రాదు."

నోటరీ అంటే గుర్రం. నవ్వు ఎరుగని తెల్ల గుర్రం. ప్రతి అడుగూ సంతకం పెట్టినట్టు వేస్తుందని ఆ పేరు వచ్చింది.

"తడిపిందెవరు?" ఎవరిస్తో గుసగుసలోనే పళ్ళు కొరికాడు.

"నేనే, కొంచెం. ఎనిమిదింటికి చూస్తే పైన పొడిపొడిగా ఉంది. పాపం, బావకు తడపడం రాదు కదా అని ఒక గంట నీళ్ళు పెట్టాను."

"నేను ఏడింటికే తడిపాను కదరా. ఈ గాలికి పై పొర పది నిమిషాల్లో ఆరిపోతుంది. లోపల తడి తడిగానే ఉంటుంది."

"మరి అక్క కూడా పైపొరే చూసింది. తొమ్మిదింటికి. ఆరేసిన దుప్పట్ల మీద దుమ్ము పడుతోందని."

"ఇంకెవరు?"

చానో టోపీ చేతిలోకి తీసుకున్నాడు. "నాన్న. గొట్టం నేల మీద వదిలి, ఎవడికో బార్లీ తూయడానికి కొట్లోకి వెళ్ళారు. వాడు బేరం తెగనివ్వలేదు. గంటన్నర."

బావా బావమరుదులు ఇలా చెవుల్లో కొట్లాడుకుంటుంటే దంతవైద్యులు మర్యాదగా చూశారు. ఇది కూడా రుచి చూసే పద్ధతిలో భాగమని వాళ్ళకు తోచింది. ఒకాయన పక్కాయన చెవిలో ఏదో అన్నాడు, ఆయన మరొకావిడ చెవిలో. కాసేపటికి పదకొండు మందీ గుసగుసలాడుతున్నారు. జట్టుతోపాటే వచ్చిన మైతేగారు ఎవరిస్తో దగ్గరికి వచ్చి, "మా వైపు ఇంత మర్యాద లేదండీ. సంతలో అరిచినట్టు అరుచుకుంటూ తాగుతారు," అంది గుసగుసగా.

ఎవరిస్తో వినయంగా తలవంచి, చానోను పీపా వెనక్కి లాగాడు.

"కొట్లో తవుడుంది కదా. తీసుకెళ్ళి చల్లు. తడి పీల్చేస్తుంది."

"ఎన్ని బస్తాలు?"

"ఆరేదాకా."

"నాన్న చూస్తే?"

"చూసేలోపే చల్లు."

సమయం కావాలి. మేస్త్రి దగ్గరికి వెళ్ళి, "ఎలాదియోగారూ, నాలుగు రకాలన్నాం గానీ, వీళ్ళకు ఆసక్తి ఎక్కువ. ఏడు చేద్దామా?" అన్నాడు. ఈ మాట ఎవరో ఒకరు అంటారని ఎలాదియో నలభై ఎనిమిదేళ్ళుగా ఎదురుచూస్తున్నాడు. తాళాల గుత్తి తీసి, లోపలి వరుసల్లోకి నడిచాడు. దంతవైద్యులు గుసగుసలాడుతూ వెంటపడ్డారు.

ఆరో గ్లాసు దగ్గర చానో మళ్ళీ వచ్చాడు. ఈసారి బురద మీద తవుడు అంటుకుని, మూకుట్లో వేయబోయే ముందు పిండిలో దొర్లించిన చేపలా ఉన్నాడు.

"ఆరిందా?"

"ఆరింది బావా. చక్కగా ఆరింది. పద్నాలుగు బస్తాలు పట్టింది."

"దేవుడున్నాడు. మరి గుర్రాన్ని తీసుకురా."

"తెచ్చాను. అది మైదానాన్ని తింటోంది."

ఎవరిస్తో కళ్ళు మూసుకుని తెరిచాడు. "ఆపవయ్యా."

"పన్నెండేళ్ళు దానికి నాట్యం నేర్పాను. తవుడు వద్దనడం నేర్పలేదు. తల పైకెత్తడం లేదు. ఒక మూల ఇప్పటికే అయిపోయింది."

"ఎక్కడం మానేయ్. పొడవు కళ్ళేలు వేసి వెనక నుంచి తోలు. కదిలిందంటే తినడం మరిచిపోతుంది."

చానో వెళ్ళిన అయిదు నిమిషాలకు, గోదాముకూ పెరటికీ మధ్యనున్న పెద్ద తలుపు తెరుచుకుంది. పీపాలు దొర్లించడానికి పెట్టిన తలుపు అది. రెమె లోపలికి వచ్చింది. తలుపు వెయ్యలేదు.

"చానో జారి పడ్డాడు. దెబ్బలేమీ లేవు, పడింది తవుడులోనే," అంది మొగుడి చెవిలో. "కళ్ళేలు నాన్న పట్టుకున్నారు. బస్తాలు లెక్కపెట్టుకున్నారు."

"ఏమన్నారు?"

"సోమవారం ఆరింటికి రమ్మన్నారు. నీకని ఒక ఏప్రన్ కూడా విడిగా తీసి పెట్టారు."

అదే సమయానికి మైతేగారు గ్లాసు కింద పెట్టి గడియారం చూసుకుంది. ఒంటిగంట దాటింది. ఆవిడ ముఖంలో ఇందాకటి మర్యాద తగ్గింది.

"చూడండి, వైను చాలా బావుంది. కానీ వైను బిల్బావోలో కూడా దొరుకుతుంది. గుర్రం ఉందా, లేదా? ఒక్క మాట చెప్పండి. మా వాళ్ళకు నేను జవాబు చెప్పుకోవాలి."

ఎవరిస్తో జీవితంలో మొదటిసారి నిజం చెప్పేద్దామనుకున్నాడు. ఏప్రన్ రంగు ఏమిటో కూడా ఊహించుకున్నాడు. నోరు తెరిచాడు.

తలుపు దగ్గర గిట్టల చప్పుడు వినిపించింది.

నోటరీ గడప మీద ఆగింది. దాని వెనక పెరడంతా గుంటలు పడిన తవుడు జావ. దాని ఎదురుగా, పీపాల వరుసల నడుమ, పొద్దునే చదును చేసి, సరిగ్గా తగినంత తడిపిన పచ్చమట్టి బాట. పన్నెండేళ్ళుగా అలాంటి నేల కనిపిస్తే ఏం చెయ్యాలో దానికి ఒకటే తెలుసు. మూతికి అంటిన తవుడును ఒక్కసారి నాకి, మెడ వంచి, ముందు కాలు చాచి ఎత్తి, లోపలికి అడుగు వేసింది.

దాని వెనక కళ్ళేలు పట్టుకుని, ఒంటి నిండా తవుడుతో ఫెర్మీన్. ఆయన నడవడం లేదు, ఈడ్వబడుతున్నాడు. అరవబోయాడు. ఎలాదియో వేలు పెదవుల మీదికి వెళ్ళింది. ముప్పై ఏళ్ళ ఇరుగుపొరుగు, పైగా నిద్రపోతున్న వైను. హెరెస్‌లో పుట్టినవాడెవడూ అక్కడ అరవడు. ఫెర్మీన్ నోరు మూసుకుని, గుర్రాన్ని ఆపాలని బలమంతా పెట్టి కళ్ళేలు లాగాడు. నోటరీ దాన్ని ఆజ్ఞ అనుకుంది. ఉన్నచోటనే నిలబడి, మెత్తగా, లయగా, నాలుగు కాళ్ళూ మార్చి మార్చి ఎత్తసాగింది. ఎడమకు లాగితే ఎడమకు తిరిగింది. కోపంతో వదిలేస్తే, పీపాలకు జానెడు దూరంలో పక్క అడుగులు వేసుకుంటూ వరుస చివరిదాకా వెళ్ళి వచ్చింది. మనిషి ఎక్కకుండా, గుర్రం వెనక నడుస్తూ వేళ్ళతోనే దాన్ని ఆడించడం చాలా కష్టమైన విద్య. అది తెలిసిన దంతవైద్యులు ముగ్గురున్నారు. మిగతా ఎనిమిది మందికీ వాళ్ళు గుసగుసగా చెప్పారు.

చివర్లో గుర్రం మోకాలు వంచి దణ్ణం పెట్టింది. ఫెర్మీన్ ఆ ఊపుకు ముందుకు తూలి, తనూ వంగాడు.

పదకొండు మందీ చప్పట్లకు చేతులెత్తారు. ఎలాదియో చూపు చూసి, రెండేసి వేళ్ళతో నిశ్శబ్దంగా కొట్టారు. మేస్త్రి కొవ్వొత్తి వెలిగించి, పీపా మూత తీసి లోపలికి తొంగిచూశాడు. గోదామంతా ఎదురుచూసింది.

"పొర చెదరలేదు," అన్నాడు. "ఈ గుర్రానికి మర్యాద తెలుసు. పొద్దుటి నుంచి ఇక్కడ మాట్లాడనిది అదొక్కటే."

మైతేగారు ఎవరిస్తోను దాటుకుని నేరుగా ఫెర్మీన్ దగ్గరికి వెళ్ళింది. "మాస్టారూ, ఈ విద్యకు ఎన్నేళ్ళు పట్టింది?"

ఫెర్మీన్ చేతిలోని కళ్ళేలను చూశాడు. తలుపు బయట పద్నాలుగు ఖాళీ బస్తాలను చూశాడు. అల్లుణ్ణి చూశాడు. ఎవరిస్తో దేవుడికి మొక్కుకుంటున్నాడు, కానీ ఏం మొక్కుకోవాలో తెలియక తడబడుతున్నాడు.

"నలభై ఏళ్ళు," అన్నాడు ఫెర్మీన్ గంభీరంగా. "దాణా దగ్గర మొదలుపెట్టాలమ్మా. గుర్రం మనసు అక్కడే తెలుస్తుంది."

"ఇరవై శనివారాలూ ఖాయం," అంది మైతేగారు ఎవరిస్తో వైపు తిరిగి. "ఇందులో ఏదీ మార్చకండి. గుసగుసలు, గుర్రం గోదాములోకి రావడం, ఆ పిండి పూసుకున్న అబ్బాయి వచ్చి వచ్చి పోవడం, అన్నీ ఉండాలి. ముఖ్యంగా మాస్టారు ఉండాలి. ఆయన లేకపోతే మేం రాం."

"ఎక్కడికీ పోను," అన్నాడు ఫెర్మీన్, అల్లుడికి జవాబు చెప్పే అవకాశం ఇవ్వకుండా. "ఇది మా ఇంటి వ్యాపారం."

*

సోమవారం ఆరు గంటలకు ఎవరిస్తో బార్లీ తూయలేదు. ఈల వేసుకుంటూ తన కొట్టుకు వెళ్ళి తలుపు తెరవబోయాడు. అది తెరిచే ఉంది. అక్కడున్న ఒకే ఒక్క కుర్చీలో మామగారు కూర్చుని, గడ్డి టోపీలను ఎత్తు ప్రకారం పేరుస్తున్నారు. దాణా కొట్టు చూసుకోవడానికి ఎవరినో జీతానికి పెట్టారట.

"రా, అల్లుడూ. ఆలస్యమైంది," అన్నారు. "రాత్రి నాకు మూడు ఆలోచనలు వచ్చాయి. మొదటిది, గుర్రానికి టోపీ."

ఎవరిస్తో నిలబడే విన్నాడు. రెండో ఆలోచన సగంలో ఉండగానే లెక్క తేలిపోయింది: వచ్చినవి ఇరవై శనివారాలు, పోయినవి వాటి మధ్యనున్న రోజులన్నీ.