నా గుండె దడ జోలికి రాకండి

గుండె దడను రోగమన్నవాడు దాన్ని ఒక్కసారైనా అనుభవించి ఉండడు! మా పాతబస్తీ ఛత్రినాకలో ఇవాళ నాకున్న పరపతి అంతా దాని పుణ్యమే.

మా బామ్మర్ది మాధవ్ వాదనకు దిగితే ఉడుంపట్టు. అలాంటివాడు నేను ఛాతీ మీద చెయ్యి వేయగానే, "నువ్వు చెప్పిందే కరెక్ట్ బావా, ఫికర్ చెయ్యకు" అంటాడు. బోనాల పనులకని వచ్చే కుర్రాళ్లు, "మీరేం చెయ్యొద్దు అంకుల్, కూసోండ్రి" అని కుర్చీ వేస్తారు. ఆఫీసులో రిటైరయ్యే దాకా పనిచేసినా దొరకని మర్యాద కదా ఇది?

పైగా మహా గడుసు దడ! ఇంట్లో నూట ఎనభై మీద పరుగెత్తే గుండె, చార్మినార్ ట్రాఫిక్‌లో ఆటో ఈదుకుంటూ ఆసుపత్రి చేరేసరికి బుద్ధిమంతురాలైపోయేది. ఈసీజీ నార్మల్! గ్యాస్ అని చెప్పి పంపేవారు. నేను సోడా తాగి ఇంటికొచ్చేవాణ్ణి.

చివరికి ఒక డాక్టరమ్మ ఛాతీకి చిన్న మిషన్ అతికించి, కొన్నాళ్లు దాంతోనే తిరగమంది. దొంగ దొరికిపోయింది.

"గుండెలో కరెంటు ఒక అడ్డదారిన తిరుగుతోంది. తొడ దగ్గర రక్తనాళంలోంచి సన్నటి తీగ పంపి, ఆ చోటు కాల్చేస్తాం. మళ్లీ దాదాపు రాదు" అంది.

మళ్లీ రాదట! మనిషన్నవాళ్లు అనే మాటేనా?

ఆషాఢమని వాయిదా వేశాను. తర్వాత జలుబన్నాను. మా ఆవిడ రంగనాయకికి అనుమానం వచ్చింది.

"భయమైతుందా మీకు?"

"ఛ, గట్లేం లేదు."

"మరి ఏంది?"

నేను మళ్లీ తుమ్మాను. ఆమె ఊరుకోలేదు. తీసుకెళ్లి చేర్పించింది.

బల్ల మీద పడుకున్నాక చూడాలి నా గుండె నాటకం! ఇన్నేళ్లూ పిలవని పేరంటానికి వచ్చిన దడ, డాక్టర్లు పనిగట్టుకుని పిలిస్తే రాదే! మందు ఎక్కించి, తీగలతో గిల్లి, ఎలాగో లేపారు. ఆ చోటు కాల్చగానే ఠక్కున ఆగింది.

వార్డులో రంగనాయకి నా మణికట్టు పట్టుకుని నాడి చూసింది. "మంచిగనే కొట్టుకుంటుంది" అని వదిలేసి, టిఫిన్ డబ్బాలు సర్దుకోసాగింది.

పాఠకులారా, మీ దగ్గర దాపరికమెందుకు? ఇన్నేళ్ల కాపురంలో ఆమె ఇంటి పనులన్నీ వదిలి, నా చెయ్యి పట్టుకుని కూర్చున్నది ఆ దడ వచ్చినప్పుడే. రోగం పోయింది, సంతోషం. ఆ చెయ్యి కూడా పోవాలా?