తలకిందుల స్విచ్చు

కట్టేశాడు. కట్టేయకుండా ఎలా వస్తాడు? చెయ్యి హీటరు స్విచ్చు మీద పడిన గుర్తుంది, టక్కుమన్న చప్పుడూ గుర్తుంది. కాకపోతే ఆ చప్పుడు ఇవాళ్టిదా, నిన్నటిదా అన్నదే తేలడం లేదు. రోజూ ఒకేలా చేసే పనులతో వచ్చే చిక్కే ఇది. చెయ్యి తన పాటికి తాను పని చేసుకుపోతుంది, మనసుకు రసీదు ఇవ్వదు.

బీమా కంపెనీలో కరెంటు ప్రమాదాల ఫైళ్ళు చూసే గుమాస్తా అతను. పన్నెండేళ్ళుగా ఇవే కథలు: తడి చేత్తో మిక్సీ ముట్టుకున్నవాళ్ళు, ఛార్జింగులో ఉన్న ఫోనుతో తొట్టి స్నానానికి దిగినవాళ్ళు, బకెట్లో హీటరు ఉండగానే నీళ్ళు కాగాయో లేదోనని వేలు ముంచినవాళ్ళు. ఆ మూడో రకం ఫైలే ఇప్పుడు బల్ల మీద తెరిచి ఉంది. వేలు ముంచినాయనకు డెబ్బై ఒకటి. ఇంట్లో ఉన్న మామగారికీ అంతే.

మామగారు వచ్చి వారమైంది. సరిగ్గా పదింటికి స్నానం. వేలు ముంచి చూసుకోనిదే మగ్గు ముట్టుకోరు. పైగా ప్లాస్టిక్ వాసన పడదని స్టీలు బకెట్టే కావాలన్నారు. భార్య పరీక్షల డ్యూటీకి పోతూ గుమ్మంలోంచి, "హీటరు వేసి మర్చిపోకండి. నాకున్నది ఒక్క నాన్న!" అని అరిచి వెళ్ళింది. పరీక్ష ముగిసేదాకా ఆమె ఫోను ఆపేసే ఉంటుంది.

గోడ గడియారంలో పదికి పావు తక్కువ. మామగారికి ఫోను చేశాడు. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేశాడు. అంతే. ఎదురింటి పిన్నిగారికి చేశాడు. పిలిస్తే పలికే మనిషి ఆవిడ, పిలవకపోయినా పలుకుతుంది.

"పిన్నిగారూ, ఒక్కసారి మా ఇంటికి వెళ్తారా? అర్జెంటు. ఫోను పెట్టెయ్యకండి."

చెప్పుల చప్పుడు, బెల్లు, తలుపు, మామగారి గొంతు వరసగా వినిపించాయి.

"ఇదిగో, నిక్షేపంలా ఉన్నారు. టవలు కట్టుకుని స్నానానికి వెళ్ళబోతున్నారు. ఫోను ఎత్తలేదేమంటే, ఛార్జింగులో ఉంటే ముట్టుకోకూడదని మా అల్లుడే చెప్పాడంటున్నారు."

చెప్పింది తనే. నిన్న భోజనాల దగ్గర, ఫైలు నంబరుతో సహా.

"సరే, బాత్రూం బయట గోడకి ఒక స్విచ్చుంది. ముందది కట్టెయ్యండి."

టక్.

"కట్టేశాను. మంచిపని చేశావు బాబూ ఫోను చేసి. వేసే ఉంది."

అతను కుర్చీలో వెనక్కి వాలాడు. అంత మరుపు వచ్చినందుకు తన మీద తనకే జాలేసింది. ఆ జాలి సగంలో ఉండగానే ఇంకో ఆలోచన తగిలింది. స్విచ్చు మీది ఎర్రలైటు ఎప్పుడో చచ్చిపోయింది కదా.

"వేసి ఉందని మీకెలా తెలిసింది?"

"కిందికి ఉందిగా. పైకి లేపేశాను."

ఇంట్లో అన్ని స్విచ్చులకూ కిందికంటే ఆన్. ఈ ఒక్కటీ నాలుగు నెలల కిందట బావమరిది వీడియోలు చూసి నేర్చుకున్న విద్యతో తలకిందులుగా బిగించి పోయాడు. దీనికి పైకంటే ఆన్. ఇంట్లోవాళ్ళ చేతులకు అలవాటైపోయి, మార్పించాలన్న ఊసే ఎవరూ ఎత్తలేదు. అంటే తను కట్టేసే వచ్చాడు. ఇప్పుడు వేయించాడు.

"అయ్యో, కిందికి వెయ్యండి!"

"కిందికా?"

"కిందికే! తొందరగా! మామగారు నీళ్ళల్లో వేలు పెట్టేలోగా!"



"ఆయన వేలు పెట్టేలోగా కరెంటు వెయ్యమంటావా?" అంది పిన్నిగారు, ఒక్కో మాటా నొక్కి.

ఆఫీసులో కీబోర్డుల చప్పుడు ఆగిపోయింది. మేనేజరు టీ కప్పుతో తలుపు దగ్గరే నిలబడిపోయాడు.

"కాదండీ, అది తలకిందుల స్విచ్చు! పైకంటే ఆన్!"

"ముప్పై ఏళ్ళుగా సంసారం చేస్తున్నాను, స్విచ్చు వెయ్యడం నాకు నేర్పుతావా? మామగారితో ఏవైనా ఉంటే మాటలతో తేల్చుకోవాలి గానీ, ఇదేం బుద్ధి?"

"ఆయనకి ఫోనివ్వండి!"

"ఇవ్వను. అన్నయ్యగారూ, నాతో రండి. చొక్కా తర్వాత వేసుకోవచ్చు, ముందు ప్రాణాలతో రండి!"

ఫోను కట్టయింది. మళ్ళీ చేస్తే ఎవరూ ఎత్తలేదు.

ఆటోలో కూర్చున్నాక అతనికి కొత్త భయం పట్టుకుంది. కట్టెయ్యమని పిన్నిగారికి చెప్పినప్పుడు ఇది తలకిందుల స్విచ్చని ఎందుకు గుర్తురాలేదు? నాలుగు నెలలుగా చేతికి తెలిసిన సంగతి నోటికి ఎందుకు తెలియలేదు? మనసులో ఎక్కడో ఓ మూల, తనకే తెలియని కోరిక ఏదైనా దాక్కుని ఉందా? పేపరంతా గట్టిగా చదివి వినిపించే మామగారంటే విసుగున్న మాట నిజమే. కానీ విసుగుకీ పన్నెండు వందల వాట్లకీ చాలా దూరం ఉంది. "కొంచెం తొందరగా పోనియ్యండి" అన్నాడు డ్రైవరుతో, తనకు తానే సంజాయిషీ చెప్పుకుంటున్నట్టు.

మెట్ల దగ్గర చీకటి. బిల్డింగంతా చీకటే. లిఫ్టులోంచి సెక్రటరీగారి గొంతు వినిపిస్తోంది. "ఎవడయ్యా మెయిన్ ఆపింది?"

"నేనే ఆపించాను!" అంది పిన్నిగారు మెట్ల మీదనుంచి. పక్కన మామగారు బనీనుతో, టవలుతో, గువ్వలా ఒదిగి కూర్చుని ఉన్నారు. "ఇప్పుడు నువ్వు ఎటు వేసుకున్నా పర్లేదు బాబూ."

మామగారు నిక్షేపంగా ఉన్నారు. ముందు ఊపిరి వచ్చింది, వెనకే ఒళ్ళు మండింది.

"పిన్నిగారూ, ఆ స్విచ్చు మా బావమరిది తిరగేసి బిగించాడు."

మామగారు తలెత్తారు. "మావాడి పనికి వంకలు పెడుతున్నావా అల్లుడూ?"

"వంకలు కాదు మావయ్యగారూ, తలకిందులు!"

"ఇన్నాళ్ళూ నీళ్ళు కాగాయా లేదా?"

"కాగాయి!"

"మరింకేం?"

"ముందు నన్ను దించండయ్యా!" అన్నారు లిఫ్టులోంచి సెక్రటరీగారు.

అతనికి పట్టుదల వచ్చింది. "మెయిన్ వేయించండి. అందరూ నాతో రండి. ఆ స్విచ్చు పైకే ఉంది కదా? పది నిమిషాల్లో నీళ్ళ మీద ఆవిరి వస్తుంది. వస్తే నామాట నిజం."

మెయిన్ వేశారు. లిఫ్టులోంచి బయటపడ్డ సెక్రటరీగారు తిట్టడానికి వచ్చి, చూడటానికి ఉండిపోయారు. నలుగురూ బాత్రూం గుమ్మం బయట నిలబడి బకెట్టు వైపు చూశారు. పది నిమిషాలు. పదిహేను. ఆవిరి కాదు కదా, బుడగైనా రాలేదు.

"చూశావా?" అంది పిన్నిగారు. "పైకంటే కట్టేసినట్టే."

అతను స్విచ్చు కిందికి వేశాడు. ఇంకో పది నిమిషాలు చూశారు. నీళ్ళు అలాగే ఉన్నాయి. పైకీ కాదు, కిందికీ కాదు. నాలుగు నెలల జ్ఞాపకమంతా కళ్ళముందే కరిగిపోతున్నట్టనిపించింది. అసలు ఈ ఇంట్లో నీళ్ళెప్పుడైనా కాగాయా? తను రోజూ వేన్నీళ్ళే పోసుకున్నాడా?

"ప్లగ్గు పెట్టకుండా ఎలా కాగుతాయి అల్లుడూ?" అన్నారు మామగారు, చిన్నపిల్లాడికి చెప్పినట్టు.

బయటికి తెరిచి ఉన్న బాత్రూం తలుపు మూసి చూశారు. దాని వెనక సాకెట్టు ఖాళీగా ఉంది. ప్లగ్గు పక్కనే మేకుకు వేలాడుతోంది.

"నువ్వు గడప దాటగానే పీకేశాను. చేతులు రెండుసార్లు తుడుచుకునే పీకాను. నువ్వు చెప్పే కథలు విన్నాక స్విచ్చును నమ్మి ఎవడైనా స్నానం చేస్తాడా?"

"మరి ఆ ముక్క ఇందాకే చెప్పొచ్చుగా!"

"మీరిద్దరూ నన్ను నోరు తెరవనిచ్చారా? ఒకరు వేలు పెట్టొద్దంటారు, ఒకరు చొక్కా వేసుకోవద్దంటారు." అంటూనే మామగారు లోపలికి వెళ్ళి బకెట్లో వేలు ముంచారు. బయట ముగ్గురూ ఒక్కసారిగా కెవ్వుమన్నారు. "చల్లారిపోయాయి" అన్నారాయన. "ఇంతకీ నా స్నానం సంగతేమిటి?"

ప్లగ్గు వైపు ఎవరూ చెయ్యి చాపలేదు. సెక్రటరీగారు ఏదో పనుందని వెళ్ళిపోయారు. అతను వంటింట్లోకి వెళ్ళి, పెద్ద గిన్నెలో నీళ్ళు పట్టి, పొయ్యి మీద పెట్టి, గ్యాసు వెలిగించాడు.

పిన్నిగారు గుమ్మం దాకా వెళ్ళి, వెనక్కి తిరిగింది. "కట్టెయ్యడం మర్చిపోకు బాబూ."

అతను స్టూలు లాక్కుని మంటకు ఎదురుగా కూర్చున్నాడు. జేబులోంచి ఫోను తీసి, సగం రోజు సెలవు కావాలని మేనేజరుకు రాసి, కారణం దగ్గర కాసేపు ఆలోచించి, నీళ్ళు కాస్తున్నాను అని పెట్టాడు.